కాటు కాటా

నరసరావుపేటలో ఎండాకాలం మధ్యాహ్నం పూట ఊరు ఊరంతా రెప్ప వాల్చేది. జట్కాలు నీడకు చేరేవి. గుర్రాలు నిలబడే నిద్రపోయేవి. ఆ వేళ మెలకువగా ఉన్నట్టు కనిపించేవి షౌకత్ అన్న దుకాణంలోని సుద్ద నోళ్లు మాత్రమే. బల్ల మీద వరసగా ప్లాస్టరుతో పోసిన దవడలు, పైవీ కిందివీ, ఎవరెవరివో. కిటికీ చెక్కల సందుల్లోంచి పడిన వెలుతురు వాటి మీద మెల్లగా జరుగుతుంటే, ఏదో చెప్పబోయి మరిచిపోయిన మనుషుల్లా ఉండేవి. నేను గుమ్మంలో పీట వేసుకుని వాటినే చూస్తూ కూర్చునేదాన్ని.

నా పేరు కరుణమ్మ. పందొమ్మిది వందల యాభై ఏడులో మిషను బడిలో టీచరుగా చేరి షౌకత్ అన్న వాళ్ల పక్క వాటాలో అద్దెకు దిగాను. కోపం నా ముక్కు మీదే ఉంటుందని పేరు. అలాంటిదాన్ని ఆ ఇంట్లో మాత్రం ఎందుకో నెమ్మదించేదాన్ని. ఆయన్ని అన్నా అనేదాన్ని, ఆయన భార్య సాబిరాని వదినా అనేదాన్ని. దుకాణం ముందుగది, ఇల్లు వెనకగది. తలుపు మీద ‘ఇచ్చట పళ్ళు కట్టబడును’ అని బోర్డు. గేదెల్ని కట్టేసినట్టు పళ్ళను కట్టేయడమేంటని నేను మొదటి రోజే ఎగతాళి చేశాను. ఊళ్లో కట్టుడు పళ్ళు కావాలంటే మరో దిక్కు లేదని ఆయన వినయంగా చెప్పాడు. కుర్రతనంలో మద్రాసులో ఒక పళ్ళ డాక్టరు దగ్గర కాంపౌండరుగా ఉండి నేర్చుకున్న పని అది.

పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ సగం కలలో ఉన్నట్టుండే మనిషి. ఎదుటివాళ్ల కళ్లలోకి చూసేవాడు కాదు, దవడ వైపు చూసేవాడు. నాకు వచ్చిన ఒక సంబంధం గురించి ఏమనుకుంటున్నావని అడిగితే, కుర్రాడి దవడ మంచిదన్నాడు. ఆ సంబంధం తప్పిపోయింది, అది వేరే సంగతి. ఇన్ని దవడలు చూసే మనిషి తన నోరు మాత్రం పట్టించుకోలేదు. నవ్వితే పక్క పళ్ళన్నీ పుచ్చులే.

ఆయన నోటి వెంట నేను ఎక్కువసార్లు విన్న కథ ఒక వక్క గురించి. సాబిరా వదిన కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు ఇంట్లో అడకత్తెర కనబడలేదట. భోజనాలయ్యాయి. ఆకులున్నాయి, సున్నముంది, వక్క పగిలే దారి లేదు. కొత్త కోడలు ఎండు వక్కను కుడి దవడ కిందికి తోసి, కళ్లు మూసుకుని ఒక్క నొక్కు నొక్కింది. టక్కుమంది. రెండు చెక్కలూ అరచేతిలోకి తీసి, ఒకటి మొగుడికిచ్చి, ఒకటి తను వేసుకుని పగలబడి నవ్వింది. తర్వాత అడకత్తెర దొరికింది కానీ దానితో మళ్లీ పని పడలేదు. రోజూ అన్నం తిన్నాక ఆయన చెయ్యి చాచేవాడు, ఆమె సగం వక్క పెట్టేది. వాళ్లకు పిల్లలు లేరు. ఆ సగం వక్క చుట్టూనే వాళ్ల సంసారం తిరిగిందని నాకు అనిపిస్తుంది.

నేను వెళ్లేసరికి ఆ వక్క లేదు, ఆ నవ్వూ లేదు. చిగుళ్లు చెడి, ఒక్కొక్కటిగా పళ్ళన్నీ వదులైపోతే, వాటిని పీకింది షౌకత్ అన్నే. ఇంకొకరి చెయ్యి ఆమె నోట్లో పెట్టనివ్వలేదు. చివరి పన్ను పీకిన రోజు ఆమె చెయ్యి పట్టుకుని, నీ పంటి కింద మళ్లీ వక్క పగిలేలా చేస్తానని మాట ఇచ్చాడు. ఆమె అప్పటికే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను చూసిన సాబిరా వదిన ఆ కొంగు చాటు మనిషే. నవ్వొస్తే కళ్లతో నవ్వేది, మాట వస్తే కొంగులోంచి చెప్పేది.

ఆయన కట్టిన సెట్టు అందంగా ఉండేది. దానిమ్మ గింజల్లా పేర్చాడని ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు. మెత్తటి అన్నం నమిలేది, అరటిపండు కొరికేది. వక్క మాత్రం జారిపోయేది. పళ్ళున్నప్పుడు శనగల్లేవు, శనగలున్నప్పుడు పళ్ళు లేవన్నది సామెతే కానీ, ఇక్కడ పళ్ళూ ఉన్నాయి, వక్కా ఉంది. పళ్ళు పింగాణీవి, గట్టివి. దవడ ఆమెదే, పాతదే. మరి ఆ బలం ఎక్కడికి పోయింది? ఈ ఒక్క ప్రశ్న ఆయన్ని పట్టుకుంది. ఉడుం పట్టంటారే, అలా పట్టుకుంది.

మొదట అడకత్తెరనే గురువు చేసుకున్నాడు. వక్కను దాని కొసన పెట్టి నొక్కేవాడు, పగిలేది కాదు. కీలు దగ్గరికి జరిపేవాడు, ఇట్టే పగిలేది. దవడ కూడా అంతే, కీలు చెవి ముందు ఉంది, అందుకే వెనకనున్న దొడ్డ పళ్ళకున్న బలం ముందు పళ్ళకు ఉండదని నాకు వివరించాడు. ఆ తర్వాత వీధిలోకి వెళ్లాడు. మాంసం కొట్టు ముందు కుక్క బొమికను ముందు పళ్ళతో అందుకుని, తల పక్కకు వంచి, దాన్ని నోటి మూలకు తోసుకోవడం గంటల తరబడి చూసేవాడు. అడకత్తెర సంగతి కుక్కకు ఎవరు చెప్పారని ఆశ్చర్యపోయేవాడు. ఎద్దుకు పైన ముందు పళ్ళు ఉండవు కదా, అది కొరకదు, నూరుతుంది. నెమరు వేసే ఎద్దు ముందు కూర్చుంటే ఆయన దవడ కూడా తెలియకుండానే పక్కకు కదిలేది. జట్కా ఖాదర్ వలి గుర్రం నోట్లో, ముందు పళ్ళకూ వెనక పళ్ళకూ మధ్య కళ్లెం పట్టే ఖాళీ ఎంతుందో చూడబోయి భుజం మీద కరిపించుకున్నాడు. ఆ కమిలిన గుర్తును అందరికీ చూపించుకుంటూ ఇంటికొచ్చాడు, ఆయనకేదో బిరుదు ఇచ్చినట్టు.

మాచర్ల వైపు లారీ నడిపే అతనెవరో అడవంచున దొరికిన దుమ్ములగొండి పుర్రె తెచ్చిచ్చాడు. దుమ్ము లేపుకుంటూ పోతుంది కాబట్టి దానికా పేరొచ్చిందని మేమిద్దరం అనుకున్నాం. బళ్లో నిఘంటువు చూశాక తెలిసింది, దుమ్ములంటే ఎముకలని. ఎముకలు నమిలే జంతువు. ఆ సంగతి చెప్పగానే ఆయన పుర్రెను ఒళ్లో పెట్టుకుని, దాని దవడ కండ పట్టే గుంటలో వేలు ఆనించి, చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. ఇంత బలాన్ని మోసుకుంటూ ఇది చీకట్లో ఒంటరిగా ఎలా తిరిగిందో అన్నాడు. ఆ మధ్యాహ్నం సుద్ద నోళ్ల వరసలో అది కూడా చేరింది. గదిలో ఒక మనిషి ఎక్కువయినట్టు నాకు కొంచెం భయం వేసింది.

కలలు కూడా అవే. ఒకసారి పొద్దున్నే బావి దగ్గర నీళ్లు తోడుతూ చెప్పాడు. “రాత్రి కోటప్పకొండ నోరు తెరిచింది కరుణమ్మా. మూడు శిఖరాలు మూడు పళ్ళు. లోపల చల్లగా ఉంది, దీపాలు కూడా ఉన్నాయి. మెల్లగా మూసుకుంది. చప్పుడే లేదు.” కొండ మీద దేవుడు నీ నోట్లో ఏదైనా పడేశాడేమో చూసుకో అన్నాను. ఆయన నవ్వలేదు. అంత మెల్లగా మూసుకునే దవడ ఎంత బలమైందయి ఉండాలి అని ఆలోచిస్తూ బిందె నిండి పొర్లిపోతున్నా చూడలేదు.

కొలవకుండా బలాన్ని పట్టుకోలేమని ఒకరోజు తేల్చుకున్నాడు. కమ్మరి చేత పెద్ద పటకారు లాంటిది చేయించాడు. ఒక కొసన తోలు చుట్టిన రెండు నాలుకలు, అవి నోట్లోకి. రెండో కొసన స్ప్రింగు, దానికో ముల్లు. కరిస్తే ముల్లు లేస్తుంది. బరువులు పెట్టి చూసి ముల్లు పక్కన మణుగులు, వీశెలు గీశాడు. మణుగంటే ఎనిమిది వీశెలు, ఇప్పటి లెక్కలో పదకొండు కిలోల పైచిలుకు. కాటును కొలిచే కాటా కాబట్టి ఊరు దానికి కాటు కాటా అని పేరు పెట్టింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ‘ఇచ్చట కాటు చూడబడును’ అని ఇంకో బోర్డు కూడా తగిలించాడు. మర్నాడే కారంపూడి నుంచి వచ్చిన బస్సులోంచి ఒక తేలు కుట్టిన మనిషిని ఎత్తుకొచ్చి దుకాణంలో పడుకోబెట్టారు. ఆ వెనకే కుక్క కరిచినవాళ్లు, ఇంకా వెనకే పాము మంత్రం వేస్తారా అని అడిగేవాళ్లు. వాళ్లందర్నీ ఖాదర్ వలి జట్కాలో సర్కారు ఆసుపత్రికి పంపి, బోర్డు పీకేసరికి ఆయనకు తల ప్రాణం తోకకొచ్చింది. నేను కడుపు పట్టుకుని నవ్వాను. కొంగు చాటున సాబిరా వదిన కళ్లు కూడా నవ్వాయి.

కాటాను మేమంతా కరిచి చూశాం. ఖాదర్ వలి అయిదు మణుగులు లేపి వారం రోజులు వీధంతా ఛాతీ విరుచుకు తిరిగాడు. నాది అతనిదాంట్లో సగం కూడా లేదు. కోపానికి తగ్గ కాటు లేదన్నాడు షౌకత్ అన్న. కట్టుడు పళ్ళతో సాబిరా వదిన కరిస్తే ముల్లు మణుగు దగ్గరికి కూడా రాలేదు. పళ్ళున్న రోజుల్లో ఆమె కాటును కొలవలేదే అన్న బాధ ఒకటి, ఈ అందని మణుగు ఒకటి, రెండూ కలిసి ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు.

సెట్టు మార్చాడు. దొడ్డ పళ్ళను కీలు వైపు జరిపాడు. అంచులు లోతుగా దించాడు. మార్చిన ప్రతిసారీ ఆమెను పీట మీద కూర్చోబెట్టి కాటా కరిపించేవాడు. ముల్లు ఎక్కడిదాకా లేస్తే ద్వారబంధం మీద అంత ఎత్తున పెన్సిలుతో గీత గీసేవాడు, ఇళ్లల్లో ఎదిగే పిల్లల ఎత్తు గీస్తారే, అలా. గీతలు నిజంగానే ఎదిగాయి. మణుగు దాటింది. మణుగున్నర అయింది. ఈలోగా గవర్నమెంటు వీశెలు తీసేసి కిలోలు తెచ్చింది, ఆయన మాత్రం మణుగులు వదల్లేదు. మూడు మణుగుల గీత దగ్గర వక్క బొమ్మ ఒకటి గీసి పెట్టుకున్నాడు. అక్కడికి వస్తే వక్క పగులుతుంది. గీత పైకి జరిగిన రోజు ఆయన మొహం చూడాలి. ఆ సాయంత్రం దారినపోయేవాళ్లను పిలిచి టీ ఇప్పించేవాడు.

అరవై ఒకటిలో వానలు వెనకబట్టాక మేం ముగ్గురం ఎత్తిపోతల చూడబోయాం. మాచర్లలో బస్సు మారాం. డ్యాము పనికి పోయే కూలీల మధ్య ఇరుక్కుని కూర్చున్నాం. ఆయనకు జలపాతంతో పని లేదు, కింద మడుగులో మొసళ్లున్నాయని విని బయల్దేరాడు. నీళ్లు దూరం నుంచి తెల్లగా, చప్పుడు మాత్రం దగ్గరగా ఉన్నాయి. తుంపర గాలిలో తేలుతూ వచ్చి మా మొహాలను తడిపింది. కింద ఒక రాతి మీద మొసలి నోరు బార్లా తెరిచి పడుకుని ఉంది. అది రాయో, మొసలో, నా నిద్రో తెలియనంత కదలకుండా ఉంది. అక్కడి జాలరి ఒకతను మా పక్కన కూర్చుని, దాని నోరు మూసుకుంటే ఏనుగు కాలైనా వదలదనీ, మూసిన నోటి మీద తుండుగుడ్డ చుడితే మాత్రం తెరుచుకోలేదనీ చెప్పాడు. షౌకత్ అన్న ఆనందానికి అంతు లేదు. మూసే కండ వేరు, తెరిచే కండ వేరు అని రాతి మీద బొమ్మలు గీయడం మొదలుపెట్టాడు.

సాబిరా వదిన మొసలి వైపే చూస్తోంది. “దేవుడు బలమంతా మూసుకోటానికే ఇచ్చాడు, తెరవటానికి ఇయ్యలా” అంది. నాకు ఆ మాట అప్పుడు మామూలుగానే వినిపించింది. తుంపర చల్లదనానికి కొంగు ఇంకాస్త పైకి లాక్కుంది అనుకున్నాను.

తిరిగొచ్చాక గీతలు తొందరగా ఎదిగాయి. రెండున్నర దాటింది. షౌకత్ అన్న బజారుకెళ్లి మంచి ఎండు వక్క ఏరి తెచ్చి, చిన్న డబ్బీలో దూది పరిచి దాచాడు. వచ్చే శుక్రవారం నమాజు నుంచి వచ్చాక అన్నాడు.

ఆ ముందటి ఆదివారం నేను మిషను గుడిలో ప్రార్థన ముగించుకుని వచ్చి, చింతకాయ పచ్చడి ఇద్దామని వెనక గుమ్మంలోంచి వెళ్లాను. సాబిరా వదిన పెరట్లో గోడ వైపు తిరిగి నోరు పుక్కిలిస్తోంది. పక్కన సత్తు గిన్నెలో సెట్టు. గిన్నెలో నీళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆకు నమిలిందేమో అనుకున్నాను. ఆమె ఆకు నమిలి ఏళ్లయిందని మరుక్షణం గుర్తొచ్చింది. గిన్నె లాక్కుని, భుజం పట్టి ఇటు తిప్పి, నోరు తెరవమన్నాను. వద్దంటూ తల ఊపింది. నా గొంతు పెరగడం విని తెరిచింది. కుడి వైపు కింది చిగురంతా చీలి, పచ్చి పుండై ఉంది.

ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. ముల్లు మణుగు దాటిన కాడి నుంచి అంది. మరి చెప్పొచ్చు కదా అని కేకలేశాను.

“ఏం చెప్పను కరుణమ్మా. గీత పైకి పోయిన రోజు ఆయన మొహం చూశావా నువ్వు? ఆ మొహం చూస్తే ఇంకో గీత నొక్కుదాం అనిపిద్ది.” ఆమె కొంగు సరిచేసుకుంది. “శుక్రవారం ఒక్కటే. వక్క పగిలిందంటే ఇక కాటా జోలికి పోడు. నువ్వు ఊరుకో.”

పంటి బిగువున ఓర్చుకుందని అంటుంటాం. పళ్ళే లేని మనిషి దేన్ని బిగించి ఓర్చుకుందో నాకు తెలియదు. ఊరుకునే మనిషిని కాను నేను. ఆమె కొంగు విదిలించుకుని, ఆ సత్తు గిన్నె అలాగే పట్టుకుని దుకాణంలోకి వెళ్లాను. ఆయన సుద్ద నోళ్ల మధ్య కూర్చుని వక్క డబ్బీని తుడుస్తున్నాడు. గిన్నెను కాటు కాటా పక్కన పెట్టాను.

“నీ ముల్లు లేపింది నీ పళ్ళు కాదన్నా. ఇది.”

ఆయన గిన్నెలోకి చూశాడు. తర్వాత ద్వారబంధం వైపు చూశాడు. కింది గీత నుంచి పై గీత దాకా ఒక్కొక్కటీ చూశాడు. అన్నేళ్లూ ఆయన ఎదిగిందనుకున్నది తన పనితనం. ఎదిగింది ఆమె ఓర్పు. ఆ సంగతి ఆయన మొహంలోకి దిగడం నేను కళ్లారా చూశాను. వీధిలో ఎక్కడో జట్కా గంట మోగి ఆగింది. ఎండ సుద్ద దవడల మీద అలాగే నిలబడి ఉంది.

“బలం ఎక్కడికీ పోలా” అన్నాడు చివరికి, నాతో కాదు, ఆ నోళ్లతో. “దవడలోనే ఉంది. నొప్పి పుట్టిన కాడ అదే ఆగుద్ది. ఆగమని చిగురు చెబుద్ది. చిగురు మాట దవడ ఇంటది. నేనే ఇననియ్యలా.” ఆపైన ఆయన ఏడ్చాడు. అంత పొడుగు మనిషి, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, చప్పుడు లేకుండా ఏడ్చాడు. నాకు కోపం పోయింది కానీ ఆయన్ని ఓదార్చాలనిపించలేదు. సాబిరా వదిన లోపలి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆమె కూడా ఓదార్చలేదు. వచ్చి గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

శుక్రవారం దాకా ఆ దుకాణంలో పని జరగలేదు. కాటు కాటాను విప్పి, స్ప్రింగు తీసి, ఇనుప ముక్కలు కమ్మరికి తిరిగిచ్చేశాడు. సెట్టును ఆకురాయితో అరగదీశాడు, అంచులన్నీ గుండ్రంగా, పలచగా. పుండు మానేదాకా దాన్ని పెట్టుకోవద్దన్నాడు. మానాక కూడా మెత్తటి అన్నానికే అన్నాడు. గీతలు చెరపబోతే సాబిరా వదినే వద్దంది. అవి తనవి అంది.

ఆ శుక్రవారం ఆయన నమాజు నుంచి వచ్చాక నన్ను భోజనానికి పిలిచారు. సాబిరా వదిన జావ తాగింది. భోజనాలయ్యాక చాప మీద ఎండ చారలు పడ్డాయి. ఊరంతా నిద్రలోకి జారింది. షౌకత్ అన్న లేచి వెళ్లి డబ్బీ తెచ్చి, దూదిలోంచి వక్క తీశాడు. సాబిరా వదిన చెయ్యి చాచింది, వక్క కోసం. ఆయన ఇవ్వలేదు. దాన్ని తన నోట్లో వేసుకున్నాడు. కుడి దవడ కిందికి, కీలు దగ్గరికి, వెనక్కి తోసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఊరందరి పళ్ళూ చూసిన మనిషి, తన పక్క పళ్ళ సంగతి ఆయనకు తెలియకపోలేదు. వద్దన్నా అనబోయాను. కణత దగ్గర కండ లేచింది.

టక్కుమంది. వెంటనే ఇంకో చిన్న చప్పుడు.

ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అరచెయ్యి నోటి కింద పెట్టి బయటికి ఊశాడు. రెండు వక్క చెక్కలు, వాటి పక్కన పసుప్పచ్చటి పంటి ముక్క ఒకటి. ముగ్గురం ఆ చేతిలోకి చూశాం. అప్పుడు సాబిరా వదిన నవ్వింది. కళ్లతో కాదు. బార్లా నోరు తెరిచి, చిగుళ్లన్నీ కనబడేలా, పొట్ట పట్టుకుని, చాప మీదికి ఒరిగి నవ్వింది. అన్నేళ్లుగా నేను వినని ఆ నవ్వు ముందుగదిలోకి పోయి సుద్ద నోళ్ల మధ్య తిరిగింది. ఆయన దవడ పట్టుకుని, నొప్పితో మూలుగుతూనే నవ్వాడు. ఆమె కొంగు జారి ఎప్పుడో ఒళ్లో పడింది. దాన్ని మళ్లీ పైకి లాక్కోలేదు.

నవ్వు తగ్గాక ఆయన చేతిలోంచి ముక్కలు ఏరుకుంది. ఒక చెక్క నాకిచ్చింది. ఒకటి ఆయనకిచ్చింది. పంటి ముక్కను కొంగున ముడేసుకుంది.